ఆగిపోయిన గీత



ఈ పత్రికలో సాధారణంగా షుగరు గురించో, బాలింతల ఆహారం గురించో, టీకాల గురించో చదువుతుంటారు. ఈసారి ఒక గీత గురించి రాస్తున్నాను. కంప్యూటర్ తెర మీద బీపీ, షుగరు, బరువు అంకెలను కలుపుతూ వెళ్లే సన్నని గీత అది. గీతకూ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటి అనుకోకండి. ఆ గీతను నమ్మి మేము ఒక పెద్దాయన విషయంలో ఐదు నెలలు పొరపడ్డాం. ఆ గీత గీసింది నేనే. అందుకే ఈ మాట మీ ముందు చెప్పే బాధ్యత కూడా నాదే.

మా దగ్గర నెలనెలా బీపీ చూపించుకునే పెద్దయ్య ఒకాయన ఉన్నారు. పేరు రాయను. పొద్దున్నే బస్సు దిగి, హైవే దాటి, చేతిసంచితో మెల్లగా నడిచి వస్తారు. సిస్టర్ బీపీ చూసి ఓపీ చీటీ మీద రాస్తుంది. సాయంత్రం ఆ అంకెను నేను ఎక్సెల్ షీటులో ఎక్కిస్తాను. షీటు పక్కనే ఒక గ్రాఫ్ ఉంటుంది. డాక్టరు గారికి తీరిక తక్కువ. అంకెలన్నీ చదివే సమయం ఉండదు కనుక గ్రాఫ్ వైపు ఒకసారి చూస్తారు. గీత చదునుగా ఉంటే అదే గోలీ కొనసాగిస్తారు.

ఆ పెద్దయ్య గీత చదునుగానే ఉంది. బీపీ కొంచెం ఎక్కువ కనిపించిన రోజున కూడా, గ్రాఫ్ చూసి, "ఎప్పుడూ బాగానే ఉంటుంది కదా, ఇవాళ బస్సు దిగి ఎండలో నడిచి వచ్చారు, అందుకే పెరిగి ఉంటుంది" అనుకున్నాం. తర్వాతి నెల కూడా అదే అనుకున్నాం. ఆ తర్వాతి నెల కూడా.

ఒకరోజు ఆయన వెంట కోడలు వచ్చింది. ఓపీ చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. తెర వైపు చూసి, "సారూ, పోయిన నెల సిస్టరమ్మ నూట అరవై అన్నది గదా, చీటీల గూడ ఉన్నది. మరి ఈ గీత మీద అది యాడుంది?" అని అడిగింది.

వెతికాను. గీత మీద లేదు. షీటులో ఉంది. కింది వరుసల్లో ఐదు నెలల అంకెలు వరుసగా ఉన్నాయి, ఒక్కొక్కటీ పై దానికంటే కొంచెం ఎక్కువ. నేను గ్రాఫ్ గీసిననాడు షీటులో 12 వరుసలు ఉన్నాయి. గ్రాఫ్ ఆ 12 దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఎక్కించిన అంకెలు దానికి తెలియవు. డాక్టరు గారు నెలనెలా చూసింది పాత కాలపు గీతను.

ఆ రోజే మందు మార్చారు. దేవుని కృపవలన పక్షవాతం రాలేదు, గుండెకు దెబ్బ తగల్లేదు. కానీ కోడలు అడగకపోయి ఉంటే ఎన్ని నెలలు అలాగే గడిచేవో నేను చెప్పలేను.

కాగితం మీద ఈ తప్పు జరగదు

పూర్వం వార్డులో మంచం కాళ్ల దగ్గర జ్వరం చార్టు వేలాడేది. సిస్టర్ థర్మామీటర్ చూసి, అదే కాగితం మీద చుక్క పెట్టి, నిన్నటి చుక్కతో కలిపేది. అక్కడ లెక్క వేరు, బొమ్మ వేరు కాదు. చుక్కే లెక్క, చుక్కే బొమ్మ. చుక్క పెట్టకపోతే ఆ గడి ఖాళీగా అందరి కంటికీ కనబడుతుంది.

కంప్యూటర్ ఈ రెంటినీ వేరు చేసింది. అంకె ఒకచోట ఉంటుంది, బొమ్మ ఇంకోచోట ఉంటుంది. మధ్యలో "రెండో వరుస నుండి పదమూడో వరుస దాకా చూడు" అనే ఒక ఆజ్ఞ ఉంటుంది. ఆ ఆజ్ఞ మనం మార్చేదాకా మారదు. పద్నాలుగో వరుసలో ఏమి రాసినా గ్రాఫ్‌కు పట్టదు. తప్పు జరిగినట్టు ఎర్ర అక్షరాలు రావు, శబ్దం రాదు. గీత ఎప్పటిలాగే అందంగా కనబడుతుంది. అందంగా కనబడే అబద్ధ సాక్ష్యం కంటే ఖాళీ కాగితమే మేలు.

బొమ్మకు ఇంత శక్తి ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. మన సిస్టర్లందరూ గౌరవించే ఫ్లోరెన్స్ నైటింగేల్ గారు క్రిమియా యుద్ధ కాలంలో 1854లో స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లారు. దీపం పట్టుకొని రోగుల మధ్య తిరిగిన తల్లిగా ఆమె మనకు తెలుసు. అయితే ఆమె లెక్కల్లో కూడా ఆరితేరిన మనిషి. 1858లో ఆమె అచ్చువేయించిన రంగుల చిత్రాల్లో, గాయాలతో చనిపోయిన సైనికుల కంటే నివారించదగిన రోగాలతో చనిపోయినవారే చాలా ఎక్కువ అని ఒక్క చూపులో తెలిసింది. అంకెల పట్టికలు చదవని పెద్దలు కూడా ఆ బొమ్మలు చూశారు.

ఇంకొకరు డాక్టర్ డేవిడ్ మోర్లే గారు. 1950లలో నైజీరియా దేశంలోని ఇలేషా పట్టణంలో, మనలాంటి ఒక మిషను ఆసుపత్రిలో, వెస్లీ గిల్డ్ హాస్పిటల్‌లో పిల్లల డాక్టరుగా పనిచేశారు. పసిపిల్లల బరువును నెలనెలా చుక్కలుగా పెట్టే కార్డును ఆయన ప్రచారంలోకి తెచ్చారు. దానికి ఆరోగ్య మార్గం అనే అర్థం వచ్చే పేరు. ఆ కార్డును ఆసుపత్రి అలమారలో దాచలేదు. తల్లి చేతికే ఇచ్చారు. గీత పైకి పోతుంటే బిడ్డ పెరుగుతున్నట్టు, అడ్డంగా నిలిస్తే జాగ్రత్త పడాలి, కిందికి దిగితే వెంటనే చూడాలి. మన దేశంలో 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైంది. మన అంగన్‌వాడీల్లో పిల్లల బరువు గీత గీసే పద్ధతి కూడా ఆ కోవలోదే. చదువురాని తల్లికి సైతం గీత అర్థమవుతుంది. మన పెద్దయ్య కోడలికి అర్థమైనట్టే.

నెమ్మదిగా వచ్చే జబ్బులకు గీతే కన్ను

పాము కాటుకు గ్రాఫ్ అక్కర్లేదు. కానీ ఇప్పుడు మన ఓపీలో కూర్చునేవారిలో చాలామందివి నెమ్మదిగా వచ్చే జబ్బులు. బీపీ 140, 90 దాటితే ఎక్కువ అంటాం. ఒక్కరోజు 142 వస్తే భయపడనక్కర్లేదు. కానీ 132, 138, 146, 155 అంటూ నెలనెలా మెట్లెక్కుతుంటే అది వేరే సంగతి. ఏ ఒక్క అంకెనో చూస్తే ఈ మెట్లు కనబడవు, వరుస చూస్తేనే కనబడతాయి. షుగరు అంతే. పరగడుపు షుగరు ఆ పూట సంగతి చెబుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను వరుసగా గీస్తేనే రోగి దారి ఎటు పోతోందో తెలుస్తుంది.

దేశంలో బీపీ అదుపు కోసం 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ కార్యక్రమాన్ని మొదట ఐదు రాష్ట్రాల్లో చేపట్టారు. వాటిలో తెలంగాణ ఒకటి. అందులో మందుతో పాటు లెక్కకూ పెద్ద పీట వేశారు. ఒకసారి పేరు రాసుకున్న మనిషి మళ్లీ వచ్చాడా లేదా, వస్తే బీపీ అదుపులో ఉందా లేదా అని ప్రతి రాకనూ నమోదు చేస్తారు. లెక్క ఆగితే వైద్యం ఆగినట్టే అని ఆ పద్ధతి మనకు నేర్పుతోంది.

ఇక మన ప్రాంతం సంగతి. చౌటుప్పల్ 2016 అక్టోబరు నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, మన ఎముకల కథ మాత్రం నల్లగొండ జిల్లా కథే. తెలుగు నేల మీద ఫ్లోరైడ్ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి రాశారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ సిద్దిఖీ గారి వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారు చేసింది. దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. మన జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది ఒక బాధ వల్ల. ఇంటింటికీ నల్లా నీళ్లు ఇచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో ఆవిష్కరించింది కూడా మన చౌటుప్పల్‌లోనే.

ఫ్లోరైడ్ ఒక్క గుక్కతో చంపదు. ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద మచ్చలు, తర్వాత కీళ్ల బిగుసు, ఆపై వెన్ను వంగడం వస్తాయి. ఎముకలో ఒకసారి వచ్చిన వంకరను ఏ మందూ సరిచేయదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిదని, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. ఇప్పుడు ఒక సంఘం తమ బోరు నీళ్లను పరీక్ష చేయించి, ఫలితాలను గ్రాఫ్‌గా గీసి, మందిరం గోడకు అంటించిందని అనుకుందాం. మొదటి పరీక్షలన్నీ 0.9 దగ్గర ఉన్నాయి. గీత చదునుగా ఉంది. తర్వాత పరీక్షల్లో 1.2, 1.4, 1.7 వచ్చాయి, కంప్యూటర్లో ఎక్కించారు కూడా. గ్రాఫ్ మాత్రం పాత వరుసల దగ్గరే నిలిచిపోయింది. ఆదివారం బడి పిల్లలు ఆ బోరు నీళ్లే తాగుతున్నారు. గోడ మీద "మా నీళ్లు మంచివి" అని గీత చెబుతూనే ఉంది. పళ్లు ఏర్పడే వయసులో ఉన్న ఆ పిల్లలకు మచ్చలు పడితే ఎవరు జవాబు చెప్పాలి?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రోగికి గానీ ప్రజలకు గానీ చూపించే ఏ గ్రాఫ్ అయినా, కొత్త అంకె ఎక్కగానే తానంతట తాను మారేలా ఉండాలి. అలా చేయలేకపోతే ఆ గ్రాఫ్ తీసేయాలి.

ఐదు నిమిషాల పని

ఇది ఖరీదైన పని కాదు. మన దగ్గర ఉన్న ఎక్సెల్‌తోనే అవుతుంది. సంఘాల్లో, స్కూళ్లలో, పొదుపు సంఘాల్లో లెక్కలు రాసే యువతీయువకులు చాలామంది ఉన్నారు కనుక పద్ధతి ఇక్కడే రాస్తున్నాను.

అంకెలున్న గడుల్లో ఏదో ఒకదాని మీద క్లిక్ చేయండి. కంట్రోల్ మీట నొక్కి పట్టుకొని టి అక్షరం నొక్కండి. పై వరుసలో శీర్షికలు ఉన్నాయా అని అడుగుతుంది. ఉంటే టిక్ పెట్టి ఓకే అనండి. ఇప్పుడు ఆ అంకెలు మామూలు గడులు కావు, ఒక టేబుల్ అయ్యాయి. ఆ టేబుల్ మీద గ్రాఫ్ గీయండి. తర్వాత చివరి వరుస కిందనే కొత్త తేదీ, కొత్త అంకె టైపు చేయండి. టేబుల్ దానంతట అదే ఒక వరుస పెరుగుతుంది, దానితో పాటు గీత కూడా ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఈ సదుపాయం ఎక్సెల్ 2007 నుండి ఈ పేరుతో ఉంది. 2003లో దీన్నే లిస్ట్ అనేవారు.

పాత పద్ధతి ఇంకొకటి ఉంది. ఆఫ్‌సెట్, కౌంట్‌ఎ అనే రెండు ఫార్ములాలతో "నిండిన గడులు ఎన్ని ఉంటే అంతవరకు గీయి" అని చెప్పడం. అది పనిచేస్తుంది, కానీ ఒక చిక్కుంది. ఒక నెల రోగి రాక బీపీ గడి ఖాళీగా ఉంటే లెక్క ఒకటి తగ్గుతుంది, అప్పుడు చివరి అంకె గ్రాఫ్ నుండి రాలిపోతుంది. చివరి అంకే కదా మనకు అన్నిటికంటే ముఖ్యం! ఈ పద్ధతి వాడేవారు ఎప్పుడూ ఖాళీ ఉండని తేదీ వరుసనే లెక్కపెట్టాలి. నా సలహా అడిగితే టేబులే మేలు.

టేబుల్ చేశాక కూడా జాగ్రత్తపడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవన్నీ చేయి కాల్చుకొని నేర్చుకున్నవే.

మొదటిది, మధ్యలో ఒక వరుస వదిలి కింద రాస్తే టేబుల్ పెరగదు. ఖాళీ వదలకూడదు.

రెండవది, బీపీని ఓపీ చీటీ మీద రాసినట్టు 150, గీటు, 90 అని ఒకే గడిలో రాయకూడదు. కంప్యూటర్ దాన్ని అంకెగా తీసుకోదు, అక్షరాలుగా తీసుకుంటుంది. పై అంకెకు ఒక గడి, కింది అంకెకు ఇంకొక గడి ఉండాలి.

మూడవది, రోగి రాని నెలలో సున్నా వేయకూడదు. సున్నా వేస్తే గీత నేలకు పడిపోతుంది. రాలేదు అంటే సున్నా అని కాదు, తెలియదు అని. గడిని ఖాళీగా వదిలేస్తే గీతలో సందు కనబడుతుంది. ఆ సందు కూడా ఒక సమాచారమే. ఆ మనిషి ఎందుకు రాలేదో ఎవరైనా వెళ్లి అడగాలి.

నాలుగవది, తేదీ. 5వ తేదీ 6వ నెల అని మనం రాస్తే కొన్ని కంప్యూటర్లు దాన్ని 6వ తేదీ 5వ నెల అనుకుంటాయి. నెల పేరును అక్షరాల్లో కనబడేలా పెట్టుకుంటే ఈ తికమక వెంటనే బయటపడుతుంది.

ఐదవది, పక్కనున్న కొలత. దాన్ని కంప్యూటర్‌కే వదిలేస్తే 136 నుండి 140కి పెరిగినా కొండలా చూపిస్తుంది, ఒక్కోసారి పెద్ద మార్పును చిన్నదిగా చూపిస్తుంది. బీపీకి 60 నుండి 200 వరకు అని మనమే కట్టేసి, 140 దగ్గర, 90 దగ్గర రెండు అడ్డగీతలు గీస్తే అందరికీ అర్థమవుతుంది.

ఆరవది, పివట్ అనే రకం గ్రాఫులు సాధారణంగా తమంతట తాము మారవు. రిఫ్రెష్ నొక్కాలి, లేదా ఫైలు తెరవగానే రిఫ్రెష్ అయ్యేలా పెట్టాలి. బొమ్మగా కాపీ చేసి వేరేచోట అంటించిన గ్రాఫ్ ఎప్పటికీ మారదు. గోడకు అంటించిన కాగితం అసలే మారదు.

అందుకే చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రతి గ్రాఫ్ నెత్తిన "చివరి అంకె ఫలానా తేదీది" అని ఉండాలి. ఒక గడిలో మ్యాక్స్ ఫార్ములాతో అన్నిటికంటే కొత్త తేదీని తెప్పించి, గ్రాఫ్ శీర్షికను ఆ గడికి ముడిపెడితే చాలు, అది కూడా దానంతట అదే మారుతుంది. చదివేవారు గీతకంటే ముందు ఆ తేదీ చూడాలి.

తానంతట తాను మారితే మనిషి కన్ను వద్దా?

ఈ మాట మన సిబ్బందిలోనే ఒకరు అన్నారు. "అన్నీ కంప్యూటరే చేస్తుంటే మనం చూడడం మానేస్తాం. చేత్తో గీసినప్పుడు కనీసం ప్రతి అంకె మన కళ్ల ముందు నుండి పోయేది" అని. ఈ మాటలో నిజముంది, తోసిపుచ్చను. చేత్తో చుక్క పెట్టే సిస్టర్ ఆ చుక్క పైకి పోతే అక్కడే ఆగి డాక్టరు గారిని పిలిచేది. టైపు చేసే చేయికి ఆ ఆగడం తెలియదు.

కానీ నన్ను ఐదు నెలలు మోసం చేసింది తానంతట తాను మారే గ్రాఫ్ కాదు, మారని గ్రాఫ్. చేత్తో చేయాల్సిన పనిని నేను మరిచిపోయాను. ఓపీలో రోజూ జనం నిండి ఉంటారు. ఆ హడావిడిలో ప్రతి రోగి గ్రాఫ్ తెరిచి వరుసలు పెంచడం ఏ మనిషికీ సాధ్యం కాదు. మరుపు వచ్చే పనిని యంత్రానికి ఇచ్చేయాలి. చూసే పని, ఆలోచించే పని, అడిగే పని మనం ఉంచుకోవాలి.

ఇంకొక మాట కూడా నిజం. గీత తానంతట తాను కదులుతుంది గానీ, అంకె తానంతట తాను పుట్టదు. రోగి రావాలి, సిస్టర్ పట్టీ చుట్టి సరిగ్గా కొలవాలి, ఎవరో ఒకరు అదే రోజు ఎక్కించాలి. పదిమంది కన్యకల ఉపమానం మనకందరికీ తెలుసు. పదిమంది చేతుల్లోనూ దీపాలు ఉన్నాయి. నూనె మాత్రం ఐదుగురి దగ్గరే ఉంది. ఎంత మంచి గ్రాఫ్ అయినా అంకెలు పోయకపోతే నూనె లేని దీపమే.

అలాగే ఒక హద్దు కూడా ఉంది. బోరు నీళ్ల గ్రాఫ్ అందరిదీ, మందిరం గోడ మీద పెట్టండి. కానీ ఒక మనిషి షుగరు, బీపీ గ్రాఫ్ ఆ మనిషిది. ప్రార్థన చేయాలనే మంచి ఉద్దేశంతోనైనా సరే, వాట్సాప్ గ్రూపుల్లో దాన్ని పంపకండి. రోగి అనుమతి లేకుండా అతని గీత ఎవరికీ చూపకూడదు.

మీరు చేయగలిగింది

ఇదంతా లెక్కలు రాసేవాళ్ల పని అనుకోకండి. ఆ రోజు తప్పు పట్టింది డాక్టరు గారు కాదు, నేను కాదు, ప్లాస్టిక్ కవరుతో వచ్చిన కోడలు. ఆమె ఎక్సెల్ నేర్చుకోలేదు. చీటీలు దాచింది, సిస్టర్ చెప్పిన అంకె గుర్తుపెట్టుకుంది, అడగడానికి మొహమాటపడలేదు. అంతే.

కాబట్టి మిమ్మల్ని కోరేది నాలుగు మాటలు. ఓపీ చీటీలు పారేయకండి, తేదీల వరుసలో ఒక కవరులో పెట్టుకోండి. ఇంట్లో ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, బీపీ, షుగరు రాసుకోండి. చదువుకునే పిల్లలుంటే గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టమనండి, తాతకూ మనవడికీ ఇద్దరికీ మేలే. ఏ ఆసుపత్రిలోనైనా మీకు గ్రాఫ్ చూపిస్తే "దీంట్ల చివరి చుక్క ఏనాటిది?" అని అడగండి. అలా అడిగితే ఎవరికీ కోపం రాకూడదు. వస్తే ఆ కోపం తప్పు.

సంఘ పెద్దలకు, యూత్ వారికి ఒక మనవి. మీ ఊరి తాగునీళ్ల పరీక్ష ఫలితాలు అడిగి తెచ్చుకోండి, గ్రాఫ్ గీసి పెట్టండి, ప్రతి పరీక్ష తర్వాత కొత్త కాగితం అంటించి పాతది తీసేయండి. భగీరథ నల్లా నీళ్లు వచ్చేచోట తాగడానికి, వండడానికి అవే వాడమని చెప్పండి.

మా వైపు నుండి ఒక మాట ఇస్తున్నాం. మా దగ్గరున్న ప్రతి రోగి గ్రాఫ్‌ను టేబుల్ పద్ధతికి మారుస్తున్నాం. ప్రతి గ్రాఫ్ నెత్తిన తేదీ పెడుతున్నాం. నెలకు ఒకసారి కొన్ని కేసులు తీసి, చీటీల మీది అంకెలను తెర మీది గీతతో సరిపోల్చి చూస్తాం. ఎక్కడైనా తేడా కనబడితే మాకు చెప్పండి, సిగ్గుపడకుండా సరిచేసుకుంటాం.

ఆ పెద్దయ్య ఇప్పటికీ నెలనెలా వస్తున్నారు. గీత మెల్లగా దిగింది. మొన్న తెర ముందు కూర్చొని, వేలితో చివరి చుక్కను చూపిస్తూ, "ఇది ఇయ్యాళదేనా?" అని అడిగారు. అవును పెద్దయ్యా, ఇవాళ్టిదే అన్నాను. ఆ మాట నిజంగా చెప్పగలిగినందుకు దేవునికి స్తోత్రం.

ప్రభువు మీ కుటుంబములకు ఆరోగ్యమును, సమాధానమును దయచేయును గాక. ఆమేన్.